ఉయ్యూరు దాటాక టెక్సాస్

టెక్సాస్‌లో పాములున్నాయి. ఆ సంగతి చదివినప్పటి నుంచి నాకు కొంచెం ధైర్యంగా ఉంది. మిన్నెసోటాలోనూ ఉన్నాయట, కానీ అవి ఏడాదిలో సగం కాలం నేల కింద ముడుచుకుని నిద్రపోతాయి, మిగతా సగంలో మనిషి అలికిడైతే మర్యాదగా పక్కకు తప్పుకుంటాయి. టెక్సాస్ పాములకు ఆ మర్యాద లేదు, ముందు తోకతో చప్పుడు చేసి ఆ తరువాత కరుస్తాయి. ఆ ముక్క చదివి ఫోను పక్కన పెట్టి, పిల్లను పాములున్న ఊరికి ఎలా పంపమంటారండీ అని ఎదురుగా లేని ఒక జడ్జిగారికి మనసులోనే విన్నవించుకున్నాను. చిన్నప్పుడు మా పొలం గట్టున నాకు ఎన్నిసార్లు పాము ఎదురు కాలేదు, చెప్పులు చేత్తో పట్టుకుని ఎన్నిసార్లు పరుగెత్తలేదు, అది వేరే సంగతి. వారం రోజులుగా నాకు ఇదే పని. రెండు రాష్ట్రాలను పక్కపక్కన నిలబెట్టి చూస్తున్నాను. బడులు ఎక్కడ బాగుంటాయి, ఆసుపత్రులు ఎక్కడ దగ్గర, దొంగతనాలు ఎక్కడ ఎక్కువ, గాలి ఎక్కడ శుభ్రం, మనుషులు ఎక్కడ సంతోషంగా ఉన్నామని చెప్పుకుంటారు; ఇవన్నీ కొలిచి మార్కులు వేసే సైట్లు బోలెడున్నాయి, పెళ్ళి సంబంధానికి మా అమ్మ వాకబు చేసినట్టు అన్నీ వాకబు చేసి పెట్టాయి. అన్నింట్లోనూ మిన్నెసోటాయే గెలవాలి. గెలవని చోట సైటు మార్చేస్తాను.

బెజవాడ బస్టాండులో బందరు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను, నేను దిగేది పామర్రులో. ఆడవాళ్ళకు టికెట్టు తీసేశాక ఈ పొద్దుటి బస్సులో కిటికీ సీటు దొరకడం గగనమైపోయింది, ఇవాళ దొరికింది, మంచి శకునమే అనుకున్నాను, ఎవరికి మంచి అని వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద ఫోను, ఫోను మీద నా అరచెయ్యి. మనకు శనివారం తెల్లవారింది, వాళ్ళకు ఇంకా శుక్రవారం రాత్రి. పడుకోబోయే ముందు నా కూతురు సాయిశ్రీ ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్‌లో నేను ఊఁ అంటే జూన్‌లో బడి అయిపోగానే అది మిన్నెసోటా వదిలి టెక్సాస్ వెళ్ళిపోతుంది, ఊహూఁ అంటే వెళ్ళదు. అంతే, ఇంత పెద్ద దేశాన్ని అంత చిన్న మాట మీద నిలబెట్టి నా చేతిలో పెట్టారు. రెండు రాష్ట్రాల్లోనూ గడియారం ఒకటే టైము చూపిస్తుంది, పోల్చి చూసిన వాటిలో సమానంగా తేలింది అదొక్కటే, దాని వల్ల నాకు ఏ లాభమూ లేదు.

జయంత్ మెసేజ్ పెట్టి వారమైంది. విడిపోయాక జయంత్ మెసేజ్‌లు చాలా మర్యాదగా ఉంటాయి, కాపురం చేసినన్నాళ్ళూ అంత మర్యాద మా మధ్య లేదు. "రాజ్యం, ఆస్టిన్ దగ్గర మంచి ఆఫర్ వచ్చింది. అక్క వాళ్ళుండేది అక్కడే. నీ కన్సెంట్ లేకుండా సాయిని స్టేట్ దాటించకూడదని ఆర్డర్‌లో ఉంది, నీకు తెలుసు. నువ్వు వద్దంటే ఆఫర్ వదిలేస్తాను, కోర్టుకి మాత్రం వెళ్ళను. ఇంకో విషయం, సాయి కూడా రానంటోంది. ఎందుకని అడిగితే చెప్పట్లేదు. శుక్రవారం పడుకునే ముందు ఫోన్ చేయిస్తాను. ఒకసారి మాట్లాడు." ఇది పామర్రులో నేను పనిచేసే ల్యాబులో నిలబడి చదివాను, చేతికి గ్లవ్స్ ఉన్నాయి, ఫోను మీద తడి అంటింది. సాయి కూడా రానంటోంది అన్న వాక్యం దగ్గర నా మొహం ఎలా వెలిగిందో నాకు కనపడలేదు గానీ పక్క బల్ల దగ్గర కృపానందం గారు చూసి, ఏంటమ్మా శుభవార్తా అన్నారు. అవునండీ అన్నాను. కూ‌తురు నా వైపుంది. నాలుగేళ్ళయింది నేను వచ్చేసి, ఎనిమిదేళ్ళ పిల్ల, రోజూ దాన్ని పొద్దున లేపేది వాళ్ళ నాన్న, అన్నం పెట్టేది వాళ్ళ నాన్న, అయినా అడగకుండానే నా వైపు నిలబడింది. ఆ సంతోషానికి నేను సిగ్గుపడాలేమో, పడలేదు.

బెంజి సర్కిల్ దాటింది. ఇంత పొద్దున్నే ఎండ కిటికీ ఊచల మీద కూర్చుంది, ఏప్రిల్ కదా. అక్కడ ఏప్రిల్‌లో కూడా ఒక్కోసారి మంచు పడుతుంది. నాకు బెజవాడ ఎండ కంటే ముందు మిన్నెసోటా వాతావరణం తెలుస్తుంది, లేవగానే ఫోన్‌లో అదే చూస్తాను. ఒకరోజు అక్కడ వాన అని చూసి రోహిణి కార్తెలో గొడుగూ స్వెట్టరూ తీసి బల్ల మీద పెట్టాను, ఎవరికో. ఇప్పుడు సాయి స్నానం చేసి మెట్లెక్కుతుంటుంది. ఆ మెట్లలో ఒకటి కిర్రుమంటుంది, దాని మీద కాలు పడకుండా పిల్లిలా దాటేదాన్ని, భుజం మీద నిద్రపోతున్నది లేస్తుందని. పైన గదిలో కిటికీ, కిటికీ బయట చిన్న చెరువు, వాళ్ళు దాన్ని లేక్ అంటారు, మన ఊళ్ళో గేదెలు కూడా దాన్ని లేక్ అనవు. చలికాలం అది గడ్డ కట్టి దాని మీద మనుషులు నడిచిపోతారు, నేను మొదటిసారి చూసి ఒడ్డున నిలబడి కేకలు పెట్టాను, మునిగిపోతారు రండి అని, తెలుగులో. వంటింట్లో సింకు ముందు నిలబడితే స్కూలు బస్సు ఆగే మూల కనిపిస్తుంది. హాల్లో కార్పెట్ మీద నేను పసుపు డబ్బా ఒలకబోసిన మరక ఉంది, ఎంత కడిగినా పోలేదు, సోఫా జరిపి మూసేశాం. ఆ సోఫా ఇంకా అక్కడే ఉంది, ఫోన్‌లో వీడియో పెట్టినప్పుడల్లా సాయి వెనక అది కనపడుతుంది, దాని కింద నా పసుపు ఉంది. నేను ఆ ఇంట్లోంచి వచ్చేశానని అందరూ అనుకుంటారు గానీ పూర్తిగా రాలేదు. ఇక్కడ ఏ బస్సులో కూర్చున్నా, ఏ రేవులో బట్టలు చూసినా, ఇప్పుడు ఆ ఇంట్లో అది ఏ గదిలో ఉంటుందో, ఏ గోడకు ఆనుకుని హోంవర్క్ చేస్తుందో నాకు తెలుసు. రోజంతా దాని వెనకే తిరుగుతాను. టెక్సాస్ వెళ్ళిపోతే నేను ఏ ఇంట్లో తిరగాలి? ఆ ఇంటి తలుపు ఏ పక్కకు తెరుచుకుంటుందో కూడా నాకు తెలియదు. సామాను సర్దేటప్పుడు సోఫా జరుపుతారు, మరక చూసి ఎవరో ఇల్లు అద్దెకిచ్చిన వాళ్ళకు సారీ చెబుతారు, అంతటితో నేను నిజంగా వచ్చేసినట్టు. నా భయం ఇదీ. దీనికి ఏ సైట్లోనూ మార్కులు లేవు కాబట్టి నేను పాముల గురించి మాట్లాడుతున్నాను.

పటమటలో తెరేసమ్మగారు ఎక్కి నా పక్కన కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, మెడలో శిలువ సరిచేసుకున్నారు. ఉయ్యూరు ఆసుపత్రిలో నర్సు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి, ఈ బస్సులో మాది రోజూ స్నేహం. వారంగా నా మిన్నెసోటా టెక్సాస్ గొడవంతా వింటున్నది ఆవిడే, ఇంట్లో చెబితే మా వాళ్ళు ముందు ఏడుస్తారు, తరువాత సలహాలిస్తారు.

"ఏందండీ రాజ్యంగారూ, పిల్ల ఫోన్ ఇంకా రాలేదా?"

"లేదండీ. ఇంకొంచెం సేపట్లో చేస్తుంది."

"మీరేం ఖాయం చేసుకున్నారు?"

"వద్దనే చెప్దామనుకుంటున్నానండీ. అక్కడ ఎండలెక్కువ. ఏదో చెట్టు పుప్పొడికి జ్వరాలొస్తాయంట. పాములు కూడా ఉన్నాయంట."

"పాములు యాడ లేవండీ," అని ఆవిడ తేల్చేసి, అసలు ప్రశ్నకు వచ్చారు. "నీళ్ళెట్టా ఉంటయ్ అక్కడ?"

నేను నవ్వాను. ఎన్ని సైట్లు చూసినా ఈ మాట అడిగినవాడు లేడు. మా వైపు ఏ ఊరి గురించి మాట వచ్చినా ముందు అడిగేది నీళ్ళ గురించే, పిల్లనిచ్చినా, ఉద్యోగం బదిలీ అయినా, నీళ్ళు పడ్డాయా అంటారు. తెరేసమ్మగారికి ఇద్దరు కూతుళ్ళు, పెద్దమ్మాయిని తెనాలి ఇచ్చారు, ఏంజెల్‌ని జగ్గయ్యపేట ఇచ్చారు. ఆ రెండు ఊళ్ళనూ ఆవిడ నా కంటే ఎక్కువ కాలం నుంచి పోలుస్తున్నారు.

"జగ్గయ్యపేటలో బోరు నీళ్ళండీ, రాయిలాంటి నీళ్ళు. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా కందిపప్పు ఉడకదు. ఏంజెల్ జుట్టు సగానికి సగం ఊడిపోయింది. తెనాల్లో ఇంటి ముందే కాలవ, పప్పు ఎన్నపూసలాగ ఉడుకుద్ది. అయితే ఏం లాభం? పప్పు ఉడికే ఊళ్ళో పెద్దది ఏడుస్తా ఉంటది, పప్పు ఉడకని ఊళ్ళో ఏంజెల్ నవ్వుతా ఉంటది. నేను ఇద్దరింటికీ పోయి అన్నీ చూసొస్తా, వచ్చినాక నాకేం అర్థం కాదు." ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. "ఇంతకీ పిల్లేమంటుంది? రానంటుందన్నారు. ఎందుకంట?"

తెలియదన్నాను. అడగలేదా అన్నారు. ఈ వారంలో మూడుసార్లు మాట్లాడాను, పాలు తాగావా అని అడిగాను, దగ్గు తగ్గిందా అని అడిగాను, ఆ ప్రశ్న మాత్రం అడగలేదు. అడిగితే కారణం చెబుతుంది, చెప్పిన కారణానికి జయంత్ మందు కనిపెడతాడు, కొత్త బడి భయమంటే బడి చూపించుకొస్తాడు, స్నేహితులంటే వీడియోలో మాట్లాడుకోవచ్చంటాడు, అప్పుడు అది నా వైపు నుంచి జారిపోతుంది. అందుకే అడగలేదు. తెరేసమ్మగారు కళ్ళు మూసుకున్నారు, ప్రార్థన చేస్తున్నారో కునుకు తీస్తున్నారో ఆవిడ విషయంలో చెప్పడం కష్టం.

పోరంకి, పెనమలూరు, ఊరు ఊరుకీ మధ్య పొలం ఉండేది ఒకప్పుడు, ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళున్నాయి. కంకిపాడు దాటితే గానీ కంటికి నేల ఆనదు. మినుము తీసేసిన చేలు బోసిగా ఉన్నాయి, కాలువకు నీళ్ళు కట్టేశారు, అడుగున నాచు ఎండి పెచ్చులు లేచింది. ఇంకో గంటలో నేను ల్యాబులో ఉండాలి. రొయ్యల చెరువుల రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు, ఉప్పెంత ఉంది, సున్నమెంత ఉంది, ఈ నీళ్ళలో పిల్ల బతుకుతుందా లేదా చూసి చెప్పడం నా ఉద్యోగం. మొన్న పుల్లయ్యగారి చెరువు మీదికి వెళ్ళాను, హేచరీ నుంచి రొయ్య పిల్లలు వచ్చాయి, ప్లాస్టిక్ సంచుల్లో, కంటికి ఆనవు, వెంట్రుక ముక్కల్లాగ ఉంటాయి. సంచి తెచ్చి చెరువులో బోర్లిస్తే చచ్చి తేలతాయి. మూతి విప్పకుండా సంచిని చెరువులో తేలనివ్వాలి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి రావాలి, అప్పుడు మూతి విప్పి చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా సంచిలో పొయ్యాలి, ఆగాలి, మళ్ళీ పొయ్యాలి. పుల్లయ్యగారికి ఓపిక లేదు, ఎండెక్కిపోతంది మేడంగారూ ఒదిలేద్దామా అని గట్టు మీద అటూ ఇటూ తిరిగారు. ఆగండి, వాటికీ తెలియాలి కదా అన్నాను. చివరికి సంచి వంచి పట్టుకుంటే అవి వాటంతట అవే అంచు దాటి చెరువులోకి ఈదుకుంటూ పోయాయి. ఒక్కటి వెనక్కి రాలేదు. నెల తిరిగే లోపల ఈ చెరువు నీళ్ళలోనే పుట్టామనుకుంటాయి. పుల్లయ్యగారు సంతోషంగా దణ్ణం పెట్టారు, నేను ఆ ఖాళీ సంచులు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

నన్ను ఎవరూ అలా తేలనివ్వలేదు. నా వీసా జయంత్ వీసా మీద ఆధారపడి ఉండేది, పెళ్ళి పోవడంతో అదీ పోయింది, పిల్లకు అమెరికా పాస్‌పోర్టు, బడి, డాక్టర్లు, అన్నీ అక్కడే. కోర్టులో ఒకావిడ చాలా దయగా, పిల్ల మేలు కోసం అంది, నేను తలూపాను, మేలు అనే మాటకు తల అడ్డంగా ఊపడం ఏ తల్లికి వచ్చు? ఇక్కడ దిగిన నాడు మే నెల, గన్నవరంలో విమానం మెట్ల మీద వేడి మొహాన కొట్టింది, ఊపిరాడలేదు. అప్పటి నుంచి రెండుసార్లు వీసాకు వెళ్ళాను, రెండుసార్లూ కిటికీ అవతలి మనిషి నా మొహం చూసి, ఈవిడ వెళితే తిరిగి రాదు అనుకున్నాడు. సరిగ్గానే అనుకున్నాడు. నేను వెళితే తిరిగి రాను. సాయి మంచం పక్కన కార్పెట్ మీద పడుకుంటాను, లేపి పంపించేదాకా పడుకుంటాను. నాకు సాయి కావాలి. స్టేటు కాదు, చెరువు కాదు, కిటికీ కాదు, అది కావాలి, దాని నూనె లేని జుట్టు, చలికి పగిలిన దాని బుగ్గలు, నిద్రలో నా మెడ మీద వేసే దాని కాలు. అది దొరకదని తెలిసే కిటికీతో సరిపెట్టుకుంటున్నాను, ఆ కిటికీ కూడా తీసేసుకుంటామంటే ఎలా ఊరుకుంటాను?

నేను చూడకుండా దాటేసే సంగతి ఒకటుంది. సాయికి ఉబ్బసం. చలికాలం మొదలైతే ఆ గాలి దాని ఛాతీలోకి దిగి కూర్చుంటుంది, ఈలలాంటి చప్పుడు వస్తుంది, మార్చి దాకా ఇన్‌హేలర్ చేతిలోనే ఉంటుంది, మిగతా పిల్లలు మంచులో దొర్లుతుంటే ఇది లోపల కిటికీకి ముక్కు ఆనించి నిలబడుతుంది. రెండేళ్ళ క్రితం ఒక్క వేసవి బెజవాడ వచ్చింది, ఎండకు మేమంతా సొమ్మసిల్లిపోతుంటే ఇది ముంజలు తింటూ డాబా మీద గంతులేసింది, ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి దగ్గలేదు. ఆ సంగతి నాకు గుర్తుంది. పోల్చి చూసేటప్పుడు మాత్రం గుర్తు చేసుకోను. గాలి శుభ్రం అన్నచోట మిన్నెసోటాకు నిండా మార్కులు వేసి, ఆ శుభ్రమైన గాలి నా కూతురికి పడదన్న మాట పక్కకు తోసేస్తాను. జయంత్ ఇది రాయలేదు. రాసి ఉంటే నన్ను గెలిచేవాడు, రాయకుండా నాకు వదిలేశాడు, మర్యాద అంటే ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు. అక్కడ వాళ్ళ అక్క ఉంది, మంచి మనిషి, నా పెళ్ళిలో నా జడ సర్దింది ఆవిడే. ఇక సాయికి జడ వేసేదీ, జ్వరమొస్తే నుదురు ముట్టుకునేదీ ఆవిడే అవుతుంది. మంచి మనిషి కాబట్టి బాగా చూసుకుంటుంది. బాగా చూసుకుంటుందనే నాకు కడుపుమంట. ఇంత నీచంగా ఉంటుంది మనసు అని నాకు తెలుసు, తెలిసి కూడా ఆ మంటను ఆర్పలేను.

ఉయ్యూరు వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి తీపి మాగిన వాసన. తెరేసమ్మగారు లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, "అడగండమ్మా పిల్లని. మనం ఎన్నైనా అనుకుంటాం," అని దిగిపోయారు. ఆవిడ ఎప్పుడూ అండీ అంటారు, అమ్మా అన్నది ఇవాళే. బస్సు కదిలి కూడలి దాటిందో లేదో నా అరచేతి కింద ఫోను వణికింది.

"అమ్మా."

"సాయీ, పాలు తాగావా?"

"తాగా. నువ్వు బస్‌లో ఉన్నావా? హార్న్ వినిపిస్తోంది." ఊపిరి తీసుకుని దగ్గింది, ఏప్రిల్ వచ్చినా పోని దగ్గు. "డాడీ కిందున్నాడు. నా రూమ్‌లో నేనొక్కదాన్నే."

కిటికీ ఉన్న గది. చెరువు మీద దీపాలు కనపడుతూ ఉంటాయి.

"నాన్న చెప్పాడులే. నీకు టెక్సాస్ ఇష్టం లేదంట కదా." నా గొంతులో సంతోషం నాకే వినపడింది, దాచుకోలేకపోయాను. "ఏం పర్లేదు తల్లీ. నేను నాన్నకి చెప్తా. నువ్వు అక్కడే ఉందువుగాని."

"ఇష్టమే," అంది సాయి.

"ఏంటి?"

"టెక్సాస్ ఇష్టమే నాకు. అత్తా వాళ్ళింటి దగ్గర పూల్ ఉంది. వింటర్‌లో కూడా బయట ఆడుకోవచ్చంట. జాకెట్ వద్దంట."

ముందు సీటు వెనక ఉన్న కడ్డీని పట్టుకున్నాను. అప్పటికే అది కాలుతోంది. తెరేసమ్మగారి చెయ్యి ఇంకా భుజం మీద ఉన్నట్టే ఉంది. "మరి రానన్నావంట. ఎందుకు తల్లీ?"

అటు నుంచి దుప్పటి కదిలిన చప్పుడు వచ్చింది. నేను రెట్టించలేదు.

"నేను వెళ్ళిపోతే ఇక్కడ ఎవరూ ఉండరు కదా," అంది చివరికి, లోగొంతుతో. "నువ్వు వచ్చి డోర్ కొడితే వేరేవాళ్ళు తీస్తారు. నీకు ఈ హౌస్ ఒక్కటే తెలుసు."

"సాయీ..."

"నువ్వే చెప్పావ్ అమ్మా. నువ్వు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళేటప్పుడు. షూస్ వేసుకుంటూ చెప్పావ్. నేను వచ్చేదాకా ఇల్లు కదలకు అని."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. కానీ అనే ఉంటాను, అనకుండా ఎలా ఉంటాను, మా ఇళ్ళలో ఆడవాళ్ళు రైతుబజారుకు వెళుతూ, పాలకు వెళుతూ, చెప్పుల్లో కాలు పెడుతూ పిల్లలతో అనే మాట అది, మా అమ్మ నాతో రోజుకు రెండుసార్లు అనేది, ఆవిడ వీధి చివరికి వెళ్ళేలోపు నేను గోడ దూకేసేదాన్ని. మా ఇళ్ళలో ఏ పిల్లా దాన్ని పట్టించుకోదు. ఇది ఒక్కతే పట్టించుకుంది, మంచు దేశంలో పుట్టిన నా పిచ్చితల్లి, మాటంటే మాటే అనుకుంది. నాలుగేళ్ళ పిల్లకు చెప్పాను, నాలుగేళ్ళుగా కాపలా కాస్తోంది. నేను ఆ ఇంట్లో దాని వెనక తిరుగుతున్నాననుకున్నాను, అది ఆ ఇంట్లో నా కోసం కూర్చుని ఉంది. కిటికీకి ముక్కు ఆనించి నిలబడేది మంచులో ఆడే పిల్లల కోసం కాదేమో. సెలవులకు అత్త రమ్మన్నా వెళ్ళలేదంట, అదీ చెప్పింది. మరి బెజవాడ వచ్చావుగా అన్నాను, ఎందుకన్నానో. "అది నీ దగ్గరికే కదా, అది ఓకే," అంది, నాకు ఆ మాత్రం తెలియనందుకు కొంచెం విసుక్కుంటూ.

వెళ్ళవద్దు అని చెప్పడానికి నోరు ఇంకా సిద్ధంగానే ఉంది. ఒక్క మాట. అది అక్కడే ఉంటుంది, ఆ గదిలోనే, ఆ కిటికీ దగ్గరే, చలికాలం చలికాలం దగ్గుతూ, కింద తలుపు చప్పుడైనప్పుడల్లా చెవి రిక్కిస్తూ, నేను ఎక్కడికీ పోకుండా దాని దగ్గర ఉంటాను. ఇంతకంటే ఎవరు ఎవరి కోసం ఏం చేస్తారు? ఎంత తియ్యగా ఉందో ఆ ఆలోచన. దాన్ని నోట్లోనే ఉంచుకుని, ఉయ్యూరుకీ పామర్రుకీ మధ్య రోడ్డు పక్కన గడ్డివాములు చూస్తూ, మింగేశాను.

"నాకు టెక్సాస్ తెలుసు సాయీ," అన్నాను.

"నిజంగా? నువ్వు చూశావా?"

"చూశాను. అంతా చూశాను." అబద్ధం కాదు, వారమంతా ఇంకేం చేశాను. "ఇప్పుడు, ఏప్రిల్‌లో, అక్కడ రోడ్ల పక్కన గడ్డిలో నీలం పూలు పూస్తాయి, ఎంత దూరం పోయినా అవే. ఎవరూ నాటరు, వాటంతట అవే వస్తాయి. ఎండ మన బెజవాడ ఎండే, నువ్వు డాబా మీద గెంతావు చూడు, ఆ ఎండే. రాత్రుళ్ళు కూడా వెచ్చగా ఉంటుంది. పొద్దున లేవగానే చెప్పులు లేకుండా బయటికి పరుగెత్తచ్చు. నీకు దగ్గు రాదు. అక్కడ పెద్ద వంతెన కింద గబ్బిలాలుంటాయి, సాయంత్రం అయ్యేసరికి అన్నీ ఒక్కసారి లేచి ఆకాశంలోకి పోతాయి, జనం నిలబడి చూస్తారు. నాన్నని తీసుకెళ్ళమను. మీ అత్త మంచిది. జడ బాగా వేస్తుంది, నాకు కూడా వేసింది, అస్సలు నొప్పెయ్యకుండా." ఆగకుండా చెప్పుకుంటూ పోయాను. పక్క సీట్లో కొత్తగా వచ్చి కూర్చున్నాయన నా వైపు చూసి మొహం తిప్పేసుకున్నాడు. మిన్నెసోటాను గెలిపించడానికి ఏరి పారేసిన వాటన్నింటినీ ఒక్కొక్కటిగా తెచ్చి దాని ముందు పెట్టాను, ఏ ఒక్కటీ దాచుకోలేదు. పాముల సంగతి మాత్రం చెప్పలేదు.

సాయి అంతా విన్నది. విని, అసలు సంగతి వదలకుండా, "అయితే నువ్వు అక్కడికి రాగలవా? దారి తెలుసా?" అంది.

"అడ్రస్ ఉంటే ఎవరైనా రాగలరు కదా."

"అత్తా వాళ్ళ అడ్రస్ నాకు వచ్చు. మేం ఫస్ట్ అక్కడే ఉంటాం. చెప్తా, రాసుకో. పెన్ ఉందా?"

"ఉంది," అన్నాను. బ్యాగు జిప్పు తీసిన చప్పుడు దానికి వినపడేలా తీశాను. లోపల టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, చేతిరుమాలు. పెన్ను ల్యాబులో ఉంది. "ఆఁ, చెప్పు."

చెప్పింది. ఇంటి నంబరు అంకె అంకె విడగొట్టి, వీధి పేరు అక్షరం అక్షరం, ఒక్కోదాని తరువాత నేను రాసుకునేందుకు ఆగుతూ. నేను ఆఁ, ఆఁ అంటూ వచ్చాను. బస్సు పామర్రులోకి తిరిగింది, కండక్టరు ఊరి పేరు అరిచాడు, జనం లేచారు, నేను లేవలేదు, ఇంకా జిప్ కోడ్ ఉంది.

"రాశావా?"

"రాశాను."

"చదువు. కరెక్ట్‌గా ఉందో లేదో చూస్తా."

ఒళ్ళో ఖాళీ అరచెయ్యి తప్ప ఏమీ లేదు. కళ్ళు మూసుకుని నంబరు చెప్పాను, వీధి చెప్పాను, ఒక్కో అక్షరం, ఊరు, టెక్సాస్, చివరి అంకె దాకా. ఒక్కటి తప్పిపోలేదు.

"కరెక్ట్," అంది సాయి. పెద్దగా ఊపిరి వదిలింది. తరువాత చిన్నగా, అనుమతి అడిగినట్టు అంది. "అయితే ఇంక నేను ఇల్లు కదలొచ్చా అమ్మా?"

దిగాల్సిన వాళ్ళందరూ దిగిపోయారు. కండక్టరు నా వైపు చూస్తున్నాడు.

"కదులు తల్లీ," అన్నాను.